టాప్ గేరు బావగారు

బే ఏరియాలో తెలుగువాళ్ళు గుంపుగా ఉండే ఏ ఊరైనా తీసుకోండి, ఫ్రీమాంట్ కానివ్వండి, శాన్ రామోన్ కానివ్వండి, టాప్ గేరు బావగారు ఒకరు తప్పకుండా తగులుతారు. నలభై దాటి, డాక్టరు కొలెస్ట్రాల్ అంకె కింద గీత గీసి చూపించాక, జిమ్ముకి ఏడాది డబ్బు దండగ కట్టి, చివరికి కొండలెక్కే ఎలక్ట్రిక్ సైకిల్ కొన్న పెద్దమనిషి. ధర అడగకండి. అడక్కపోయినా చెబుతారు.

కొనేముందు ఆయన తయారుచేసిన ఎక్సెల్ షీటు చూసితీరాలి. బాష్ పెర్ఫార్మెన్స్ లైన్ సీఎక్స్ అప్పట్లో 85 న్యూటన్ మీటర్లు. షిమానో ఈపీ8 కూడా 85. యమహా పీడబ్ల్యూ-ఎక్స్3 అదీ 85. మనలాంటివాళ్ళయితే మూడూ ఒకటేనని తేల్చుకుని, నచ్చిన రంగు చూసి ఇంటికి తెచ్చుకుంటాం. బావగారు అక్కడే మొదలుపెడతారు. ఏ మోటారు ఎన్ని గ్రాములు తక్కువ, బ్యాటరీ ఎన్ని వాట్ అవర్లు, వారంటీ ఎన్నేళ్ళు, అన్నిటికీ మార్కులు వేసి, కూడి, భాగించి, తీరా పక్కింటి గుజరాతీ ఆయన ఏది కొన్నాడో అదే కొన్నారు. ఇరవై ఏడు వరసల ఆ షీటులో తొక్కేవాడికి మాత్రం గడి లేదు.

గేర్ల విషయంలో బావగారిది వంశపారంపర్యమైన సిద్ధాంతం. వాళ్ళ నాన్నగారికి గుంటూరులో బజాజ్ చేతక్ ఉండేది. ఫ్లైఓవరు మీద బండి నాలుగో గేరులో ఆయాసపడుతున్నా, హ్యాండిలు గజగజ వణుకుతున్నా, ఒక కాలితో నేలని తన్ని సాయం చేసేవారేగానీ మూడుకి దించేవారు కాదట. పెట్రోలు కలిసొస్తుందని పైకి అనేవారుగానీ, అసలు సంగతి పరువు. గేరు దించితే బండి ఓడిపోయినట్టు, బండి ఓడితే ఇంటిపేరు ఓడిపోయినట్టు. మన ఇళ్ళల్లో ఎంతమంది నాన్నలు ఇలా స్కూటర్ల ఉసురు పోసుకున్నారో!

ఆ రక్తమే ఇప్పుడు కాలిఫోర్నియా కొండ మట్టిదారుల మీద పెడలు తొక్కుతోంది. వెనకచక్రం దగ్గర చైను అన్నిటికంటే చిన్న పళ్ళచక్రం మీద ఉంటుంది. హ్యాండిలు మీద మోడ్ టర్బోలో ఉంటుంది. నిమిషానికి 80 చుట్లు తిరగాల్సిన కాళ్ళు ముప్ఫయ్యో నలభయ్యో తిరుగుతుంటాయి. ముఖంలో మాత్రం ఎవరెస్టు ఎక్కుతున్న గాంభీర్యం.

"బావగారూ, గేరు దించి కాళ్ళు కాస్త గబగబా ఆడించండి" అన్నామనుకోండి, జాలిగా చూస్తారు. "మోటారు ఉన్నది ఎందుకోయ్?"

మోటారు ఎందుకుందో ఆయనకి తెలియక కాదు. పెడలు దగ్గరున్న సెన్సరు కాలి ఒత్తిడిని కొలుస్తుంది, దానికి తగ్గట్టు మోటారు బలం కలుపుతుంది. లోపల రోటరు నిమిషానికి వేల చుట్లు తిరుగుతుంటే పళ్ళచక్రాలు ఆ వేగాన్ని తగ్గించి బలంగా మార్చి క్రాంకుకి అందిస్తాయి. కాళ్ళు చురుగ్గా తిరుగుతుంటే అదే పనిని మోటారు తక్కువ కరెంటుతో చేసేస్తుంది. కాళ్ళు బరువుగా, నెమ్మదిగా దిగబడితే బలమంతా కరెంటు పోసి తేవాలి. రాగితీగలో కరెంటు రెండింతలైతే పుట్టే వేడి నాలుగింతలు. ఇంటర్మీడియట్‌లో బావగారు ఈ సూత్రానికి ఫుల్ మార్కులు తెచ్చుకున్నారు కూడా. సగం కొండ ఎక్కేసరికి మోటారు తన ఒళ్ళు తాను కాపాడుకోవడానికి బలం తగ్గించుకుంటుంది. బావగారి నిఘంటువులో దీని పేరు మోసం.

ఇంకా ఆయన కళలున్నాయి. పూర్తి బరువుతో తొక్కుతూనే గేరు మార్చడం ఒకటి. కటక్ మని వినిపిస్తే చైను నాసిరకమంటారు. ఏటవాలులో బ్రేకు పట్టుకుని, కాలు పెడలు మీద ఆనించి, ఫోనులో మాట్లాడటం మరొకటి. పాపం మోటారు ముందుకు లాగుతూనే ఉంటుంది, బ్రేకు ఆపుతూనే ఉంటుంది, అటువైపు ప్రాజెక్టు స్టేటస్ నడుస్తూనే ఉంటుంది. ఆదివారం సాయంత్రం ప్రెషర్ వాషరు తీసి సరిగ్గా క్రాంకు ఇరుసు సీలు మీదే గురిపెట్టి స్నానం చేయిస్తారు. బురద పోతుంది. నీళ్ళు బేరింగు దాకా పోతాయి.

మోటారు మూలిగింది. షాపుకి తీసుకెళ్ళారు. మెకానిక్ కుర్రాడు కేబులు తగిలించి లాప్‌టాప్ తెరిచాడు. చిత్రగుప్తుడి చిట్టాలాగా అందులో ఏ మోడ్‌లో ఎంత నడిపిందీ కనబడుతుంది. వాడు ఒకసారి తెర వైపు, ఒకసారి బావగారి వైపు చూసి, "సార్, ఎకో అని ఇంకో మోడ్ కూడా ఉందండీ" అని ఇంగ్లీషులో మర్యాదగా అన్నాడు. బావగారు అంతకంటే మర్యాదగా వారంటీ కాగితం బల్లమీద పెట్టారు.

అయితే పాపమంతా ఆయన మెడకే చుట్టడం న్యాయం కాదు. ఎంత ఒద్దికగా తొక్కినవాడి మోటారులోనూ ఒక్కోసారి సీలు కారుతుంది, బేరింగు తుప్పుపడుతుంది. చాలా కంపెనీలు మోటారుని మూసిన పెట్టెలాగే అమ్ముతాయి. చిన్న బేరింగు పోయినా షాపువాడు విప్పడు, మొత్తం మార్చేస్తాడు. లోపల ఏం జరిగిందో కొన్నవాడికి ఎవరూ చెప్పరు. వారంటీ దాటాక బిల్లు చూస్తే మాత్రం గుండె గుభేలుమంటుంది. కాబట్టి మోటారుని తిట్టే హక్కు మనిషికుంది. బావగారు ఆ హక్కుని కొంచెం ఉదారంగా వాడుకుంటారు, అంతే.

వాదనలో ఆయన్ని గెలవలేం. 1976 అక్టోబరులో ఇక్కడే, మారిన్ కౌంటీ ఫెయిర్‌ఫాక్స్ దగ్గర, కుర్రాళ్ళు పాత బరువు సైకిళ్ళేసుకుని మట్టిదారిలో కొండ దిగే పందేలు మొదలుపెట్టారు. వెనక్కి తొక్కితే పడే బ్రేకులవి. దిగేసరికి హబ్బులో గ్రీజు కాలి పొగై పోయేది, మళ్ళీ కొత్తగా కూరాల్సి వచ్చేది. అందుకే ఆ పందేనికి రీప్యాక్ అని పేరొచ్చింది. ఈ చరిత్రంతా బావగారికి కంఠస్థం. "ఆనాటి మహానుభావుల గ్రీజు కాలితే చరిత్ర, నాది కాలితే తప్పా?" అంటారు. వాళ్ళు దిగుతూ కాల్చారు, మీరు ఎక్కుతూ కాలుస్తున్నారు అందామంటే, అప్పటికే ఆయన రెండో కప్పు కాఫీకి వెళ్ళిపోతారు.

అక్కయ్యకీ అలాంటి సైకిలే, అదే మోటారు, ఒకే రోజు కొన్నవి. ఆవిడ వాలు ఇంకా పది గజాల దూరంలో ఉండగానే గేరు దించేస్తుంది, మార్చే క్షణంలో కాలు తేలిక చేస్తుంది, గిరగిరా తొక్కుతుంది, ఎకోలో మొదలుపెట్టి నిట్టనిలువు చోట్ల మాత్రం ఒక మెట్టు పెంచుతుంది. ఇంటికొచ్చాక తడిగుడ్డతో తుడుస్తుంది. ఆవిడ మోటారు ఇంతవరకు షాపు గుమ్మం తొక్కలేదు.

"నీకు మంచి పీసు పడిందే" అంటారు బావగారు, లాటరీ తగిలిన వాళ్ళని చూసినట్టు చూస్తూ.

ఈ మధ్య ఆయన ఎక్సెల్ షీటు మళ్ళీ తెరిచారు. డీజేఐ వాళ్ళ అవినాక్స్ మోటారు బూస్టులో 120 న్యూటన్ మీటర్లు ఇస్తుందని తెలిసినప్పటినుంచి నిద్రలేదు. అక్కయ్య వినీవిననట్టు ఊరుకుని, పోయిన ఆదివారం ఆయన సైకిలే అడిగి తీసుకుని అదే కొండ ఎక్కి వచ్చింది. ఇంటికొచ్చేసరికి బ్యాటరీ సగానికి పైగా మిగిలే ఉంది. బావగారు తెర వంక చూశారు, స్విచ్చి ఆర్పి మళ్ళీ వేసి చూశారు, చార్జరు పెట్టి తీసి చూశారు. "ఏమండీ, భోజనానికి రండి" అని లోపలినుంచి రెండుసార్లు పిలిచినా కదల్లేదు.

ఆ రాత్రే కంపెనీకి మెయిల్ పెట్టారు, బ్యాటరీ మీటరు తప్పు చూపిస్తోంది, వారంటీ కింద మార్చమని.