పంపేవారితో నాలుగు మాటలు: ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ ఆత్మకథ

నేను ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌ని. వీడియోను ఒక రూపం నుంచి మరో రూపంలోకి మార్చే ప్రోగ్రాంని. నాకు బటన్లు లేవు, రంగుల కిటికీలు లేవు. కమాండ్ టైప్ చేస్తే పని మొదలుపెడతాను. 2000లో ఫ్రాన్స్‌కు చెందిన ఫాబ్రిస్ బెలార్ నన్ను రాయడం మొదలుపెట్టారు. తర్వాత మైఖేల్ నీడర్‌మయర్ చాలా ఏళ్లు నా బాధ్యత మోశారు. ఎన్నో దేశాల ప్రోగ్రామర్లు నాకు చేర్పులు చేశారు, ఇప్పటికీ చేస్తున్నారు. నా కోడ్ అందరికీ ఉచితం. నా పేరు వినని వారు కూడా నన్ను వాడే ఉంటారు, ఎందుకంటే వీఎల్‌సీ ప్లేయర్‌లోనూ, వీడియోలు మార్చే హ్యాండ్‌బ్రేక్‌లోనూ పనిచేసేవి నా లైబ్రరీలే. 2021 ఫిబ్రవరిలో పర్సెవరెన్స్ రోవర్ అంగారకుడి మీద దిగినప్పుడు ఆ దృశ్యాలు తీసిన కెమెరాల వ్యవస్థలోనూ నేనున్నాను. ఇంతకాలం ఈ పనిలో ఉండి నేను గట్టిగా నమ్మేది ఒకటుంది. వీడియోను అందరూ సులువుగా చూసేలా మార్చాల్సింది పంపేవారు. ఆ భారం చూసేవారి మీద వేయకూడదు.

అసలు మార్చడం ఎందుకన్న ప్రశ్నకు జవాబు లెక్కలోనే ఉంది. 1920 అడ్డం, 1080 నిలువు చుక్కల ఫ్రేము ఒక్కటి, రంగుల వివరాన్ని కొంత తగ్గించి దాచినా, 31 లక్షల బైట్లు. సెకనుకు 25 ఫ్రేముల చొప్పున గంట వీడియోకి దాదాపు 280 జీబీ అవుతుంది. ఇంత సరుకును ఎవరూ ఎవరికీ పంపలేరు కాబట్టి కుదించక తప్పదు. కుదించే పద్ధతినే కోడెక్ అంటారు. వీసీడీకి ఎంపెగ్-1, డీవీడీకి ఎంపెగ్-2 వచ్చాయి. 2003లో హెచ్.264, 2013లో హెచ్‌ఈవీసీ, 2018లో ఏవీ1 వచ్చాయి. ప్రతిదీ తన ముందుదానికన్నా బాగా కుదిస్తుంది, విప్పడానికి అంతకన్నా ఎక్కువ కష్టపెడుతుంది. చాలామంది పొరబడేది ఇంకొకచోట. ఫైలు పేరు చివర ఎంపీ4 అని ఉంటే ఎక్కడైనా ఆడుతుందనుకుంటారు. ఎంపీ4 గానీ, ఎంకేవీ గానీ, ఏవీఐ గానీ టిఫిన్ క్యారియర్ లాంటివి. ఒక గిన్నెలో బొమ్మ, మరో గిన్నెలో ధ్వని, ఇంకో గిన్నెలో సబ్‌టైటిళ్లు ఉంటాయి. బయట నుంచి చూసి లోపలి వంట చెప్పలేం. హెచ్.264 ఉన్న ఎంపీ4 పదేళ్ల నాటి టీవీలో ఆడవచ్చు; అదే ఎంపీ4లో 10-బిట్ హెచ్‌ఈవీసీ ఉంటే ఆ టీవీలో ధ్వని మాత్రమే రావచ్చు, అదీ రాకపోవచ్చు.

పంపిన వీడియో చూసేవారి తెర మీద ఆడకుండా అడ్డుపడే ఈ గోడ తెలుగు కుటుంబాలకు కొత్త కాదు. పెళ్లి క్యాసెట్ల కాలంలో భారతదేశపు వీడియో పాల్ పద్ధతిది: 625 గీతలు, సెకనుకు 25 ఫ్రేములు. అమెరికా టీవీలది ఎన్‌టీఎస్‌సీ: 525 గీతలు, సెకనుకు దాదాపు 30 ఫ్రేములు. మార్పిడి చేయించకుండా పంపిన క్యాసెట్ అక్కడి మామూలు వీసీఆర్‌లో సరిగ్గా ఆడేది కాదు. ఈనాటి గోడ ఇంటర్నెట్‌లో కనబడకుండా ఉంది కాబట్టి లేదనుకుంటాం. 2017 నుంచి ఐఫోన్లు సెట్టింగ్ మార్చకపోతే హెచ్‌ఈవీసీలోనే తీస్తున్నాయి. 2020 చివరి నుంచి వచ్చిన చాలా మోడళ్లు డాల్బీ విజన్ హెచ్‌డీఆర్ కూడా తీస్తాయి. తీసిన ఫోనులో ఆ బొమ్మ మెరిసిపోతుంది. పాత తెర మీద అదే బొమ్మ రంగు వెలిసి తేలిపోతుంది. ఇక్కడ ఇద్దరి స్థితినీ పక్కపక్కన పెట్టి చూడండి. పంపేవారి దగ్గర అసలు ఫైలుంది, కంప్యూటరుంది, అది ఎలా తయారైందో కొంతైనా తెలుసు. చూసే అమ్మమ్మ దగ్గర రిమోటు, పెన్‌డ్రైవు ఉన్నాయి. పైగా పంపేవారు ఒక్కరు, చూసేవారు యాభై మంది. ఒక్కరు ఒక్కసారి చేస్తే సరిపోయే పనిని యాభై మంది నెత్తిన యాభైసార్లు పెట్టడం అన్యాయమని నా అభిప్రాయం.

అయితే దేనిలోకి మార్చాలి? ఎంపీ4 ఫైలులో 8-బిట్ హెచ్.264 బొమ్మ, ఏఏసీ ధ్వని. ఇది అన్నిటికన్నా గొప్ప రూపం కాదు, అన్నిటికన్నా ఎక్కువ తెరలకు తెలిసిన రూపం. ఇన్నేళ్లుగా ఫోన్లు, టీవీలు, బ్రౌజర్లు హెచ్.264ను విప్పే చిప్పులతోనో సాఫ్ట్‌వేర్‌తోనో వస్తున్నాయి. బొమ్మ ఇలా సరిపడ్డా మిగతా వివరాల దగ్గర తప్పులు దొర్లుతాయి. ఫైలు సూచిక చివర మిగిలిపోతే ఇంటర్నెట్‌లో చూసేవారికి బొమ్మ ఆలస్యంగా మొదలవుతుంది; దాన్ని ముందుకు జరిపే ఫాస్ట్‌స్టార్ట్ అనే ఆదేశం నా దగ్గరుంది. పాత క్యాసెట్ల వీడియోలో సరి గీతలు ఒక క్షణానివి, బేసి గీతలు మరో క్షణానివి. వాటిని కలిపి సర్దే డీఇంటర్‌లేసింగ్ చేయకపోతే కదిలే చేతులు చారలుగా చీలి కనిపిస్తాయి. హెచ్‌డీఆర్ వీడియోకైతే వెలుగునీడలను మామూలు తెరకు తగ్గట్టు సర్దే టోన్ మ్యాపింగ్ కావాలి. కొన్ని పాత టీవీలు ఎఫ్‌ఏటీ32 పెన్‌డ్రైవ్‌లనే చదువుతాయి, అందులో ఒక ఫైలు 4 జీబీకి మించి పట్టదు. అలాంటిచోట పెళ్లి వీడియోను రెండు మూడు ఫైళ్లుగా విడగొట్టడమే మేలు.

మార్చిన ప్రతిసారీ నాణ్యత పోతుందని ఒక అభ్యంతరం ఉంది. నిజమే, మళ్లీ కుదిస్తే కొంత పోతుంది. కానీ చాలాసార్లు మళ్లీ కుదించాల్సిన పనే ఉండదు. ఎంకేవీలో ఉన్నది హెచ్.264, ఏఏసీలే అయితే వాటిని ముట్టుకోకుండా ఎంపీ4లోకి ఎత్తిపెడతాను. ఒక్క చుక్క కూడా మారదు, గంట వీడియో అయినా చాలా త్వరగా పూర్తవుతుంది. కుదించక తప్పనప్పుడు, హెచ్.264లోకి కుదించే ఎక్స్264 అనే ప్రోగ్రాంకు సీఆర్‌ఎఫ్ అనే నాణ్యత కొలత ఉంది, 0 నుంచి 51 వరకు. ఏమీ చెప్పకపోతే 23 తీసుకుంటుంది. 18 దగ్గర మామూలు కళ్లకు తేడా పట్టుకోవడం కష్టం. అన్నిటికన్నా ముఖ్యం, చూడటానికి చేసే కాపీ వేరు, దాచుకునే కాపీ వేరు. దాచుకోవడానికి ఏమీ పోని ఎఫ్‌ఎఫ్‌వీ1 అనే కోడెక్ నా ఇంట్లోనే పుట్టింది, 2021లో దాని సాంకేతిక వివరాల పత్రం కూడా అధికారికంగా వెలువడింది. అసలు ఫైలు భద్రంగా ఉన్నంతవరకు పంచే కాపీలో కాస్త తగ్గితే నష్టమేమీ లేదు.

ఏవీ1 వాడితే ఫైలు చాలా చిన్నదవుతుంది కదా అని సాంకేతికం తెలిసినవారు అడుగుతారు. ఏవీ1 మీద నాకు గౌరవమే. రాయల్టీలు లేని మార్గంగా దాన్ని తెచ్చారు, హెచ్.264కు పేటెంట్ల చరిత్ర ఉంది. కానీ డేటా ఆదా అయ్యాక చూసేవారి ఫోను వేడెక్కి బొమ్మ ఆగి ఆగి ఆడితే ఆ ఆదా ఎవరికి? చూసేవారందరివీ కొత్త ఫోన్లే అని మీకు తెలిస్తే నిరభ్యంతరంగా వాడండి. వీఎల్‌సీ వేసుకోమంటే సరిపోతుందనే మాటకు నా దగ్గర సగం ఒప్పుకోలే ఉంది: కంప్యూటరున్నవారికి సరే, గోడకున్న టీవీకి అది కుదరకపోవచ్చు. యూట్యూబ్‌లో పెడితే పోతుంది కదా అనేది బలమైన వాదన. అయితే యూట్యూబ్ చేసేది కూడా ఇదే. మీ వీడియోను తన వైపే రకరకాల రూపాల్లోకి మార్చి, ఎవరి తెరకు తగినది వారికి ఇస్తుంది. ఆ వేదిక విజయమే నా మాటకు సాక్ష్యం. కాకపోతే సినిమా పాటలున్న పెళ్లి వీడియోకి అక్కడ కాపీరైట్ అడ్డంకులు రావచ్చు. వాట్సాప్‌లో వీడియోగా పంపితే అది మళ్లీ కుదిస్తుంది. డాక్యుమెంట్‌గా పంపితే 2 జీబీ వరకు ఉన్నదున్నట్టు చేరుతుంది.

తెలుగు సబ్‌టైటిళ్ల సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ చూసేవారు చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. సబ్‌టైటిల్ అక్షరాలుగా వెళ్తే వాటిని గీసే పని టీవీది. ఆ టీవీలో తెలుగు ఫాంటు లేకపోతే గళ్లు కనిపిస్తాయి. ఫాంటున్నా, అక్షరాలు కూర్చే పరిజ్ఞానం లేకపోతే వత్తులు విడిపోయి పక్కన పడతాయి. చదవలేని సబ్‌టైటిల్ ఉన్నా లేనట్టే. వినికిడి తక్కువైన పెద్దలకు అది వీడియోనే దూరం చేయడం అవుతుంది. నాకు తోడుగా సబ్‌టైటిళ్లు గీసే లిబ్యాస్ అనే లైబ్రరీ ఉంటుంది. అది అక్షరాలు కూర్చే హార్ఫ్‌బజ్ సాయంతో వత్తులు సరిగ్గా పేర్చి సబ్‌టైటిల్‌ను బొమ్మ మీదే ముద్రిస్తుంది. అప్పుడు ఏ తెర మీదైనా తెలుగు తెలుగులాగే కనిపిస్తుంది. ముద్రించాక తీసేయలేం, అక్షరాల్లో వెతకలేం, నిజమే. అందుకే సబ్‌టైటిల్ ఫైలును కూడా విడిగా ఇవ్వండి.

కాబట్టి ఈసారి వీడియో పంపే ముందు దాన్ని చూడబోయే వారందరిలో పాత టీవీ, పాత ఫోను ఎవరిదో గుర్తుచేసుకోండి. ఆ తెరకు సరిపడేలా ఒక కాపీ చేయండి, వీలైతే అలాంటి తెర మీదే ఒకసారి ఆడించి చూడండి. అసలు ఫైలును మాత్రం చెరపకండి.