కొరియర్లో వచ్చిన వసంతం

మా వీధిలో ఈసారి వసంతం ఫిబ్రవరి రెండో వారంలోనే దిగింది. కొరియర్లో దిగింది. పక్కింటి రిటైర్డు హెడ్మాస్టరు సారు సంతకం పెట్టి తీసుకున్నారు. అట్టపెట్టె విప్పితే కొబ్బరిపొట్టు ఇటుకలు రెండు, వర్మీకంపోస్టు సంచి, పెటూనియా గింజల పొట్లాలు, గులాబీరంగు పిడి ఉన్న బొమ్మపార, మోచేతుల దాకా వచ్చే తొడుగులు. వాటితో పాటు ఒక కాగితం: వసంతానికి తోటను సిద్ధం చేసే పది పనులు. మాది గోదావరికి ఇవతలి గట్టు, బూర్గంపాడు వైపు. ఇక్కడ శివరాత్రికి చలి శివశివా అంటూ పోతే మళ్ళీ కార్తీకం దాకా తిరిగి చూడదు. అలాంటి ఊళ్ళో, చలికి బిగుసుకుపోయిన మట్టిని గుల్లచేసి వెచ్చబరచాలట.

ఆ పెట్టె పంపింది సారు కూతురు, న్యూజెర్సీలో ఉంటుంది. ఆ అమ్మాయిని నేనేమీ అనను. వాళ్ళకు నేల గడ్డకడుతుంది, కాపు కాలం తక్కువ. అందుకని మార్చిలోనే కిటికీ దగ్గర పెరుగు డబ్బాల్లో బీర, సొర, గోంగూర మొలకలు పోసి, మే నడిమికి మంచు భయం తీరాక బయట నాటుతుంది. తాతలు మృగశిరకు చేసిన పనిని అక్కడి వాతావరణం చూసి మే నెలకు జరుపుకుంది. తెలివైన పిల్ల. తండ్రిగారు మాత్రం ఆ పిల్ల మార్చి నెలను ఉన్నదున్నట్టు తెచ్చి బూర్గంపాడులో దింపారు.

ఒకరోజు గోడ మీదుగా అడిగారు. "ఏమయ్యా, మనకు ఆఖరి మంచు ఎప్పుడు పడుతుంది? అమ్మాయి అడుగుతోంది."

"సంతలోంచి ఐసుగోళాల బండి వెళ్ళిపోయిన రోజు, సారూ."

ఆయన నవ్వలేదు. డైరీలో రాసుకోలేదు కూడా, అంతే నయం.

కాగితంలో మొదటి పని, తోటలో చెత్త తీసేయాలి. సారు పెరట్లో వేప ఉంది, గోడవతల టేకు ఉంది. ఈ రోజుల్లో రెండూ ఆకు దులుపుతాయి. రెండు రోజులు ఊడిపించి, కుప్ప వేయించి, అగ్గి పెట్టించారు. ఆ పొగకు మా దండెం మీది బట్టలన్నీ మళ్ళీ ఉతుక్కున్నాం. ఆరో పని, నేల తడి ఆరకుండా పైన ఎండుటాకులు పరచాలి. దాన్ని మల్చింగ్ అంటారట. ఎండుటాకులు ఎక్కడివి? మొన్ననే బూడిదయ్యాయి కదా. మల్చ్ సంచికి ఆర్డరు పెట్టారు. నాలుగు రోజులకు వచ్చింది. విప్పితే కొబ్బరి పీచు ముక్కలు, వాటిలో కలిసి ఎండుటాకులు. సారు గుప్పెడు తీసి వాసన చూసి, "మంచి క్వాలిటీ" అన్నారు.

నాలుగో పని మరీ ఖరీదైంది. చలి పోయేలోగా పండ్లచెట్ల కొమ్మలు కత్తిరించాలని ఉంది. ఆపిల్‌కి అది సరే. సారుకున్నది మామిడి. పూత నిలిచి శనగగింజంత పిందె పడి ఉన్న కొమ్మలను నిచ్చెన వేయించి మరీ కొట్టించారు. సాయంత్రం గుడి నుంచి వచ్చిన ఆయన భార్య ఆ బోడిచెట్టును చూసి చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "ఈ ఏడు ఆవకాయకు కాయలు కూడా కొరియర్లోనే తెప్పించండి" అని లోపలికి వెళ్ళిపోయారు.

ఇది ఒక్క సారు జబ్బయితే ఊరుకునేవాణ్ణి. ఖమ్మం వెళ్ళి చూడండి, ఆకుపచ్చ వలల కింద నర్సరీల్లో వసంతం పేరు మీద ఏం అమ్ముతున్నారో. పెటూనియా మన మైదానాల్లో చలికాలపు పూలమొక్క. దసరా వేళ నారు పోసుకుంటే సంక్రాంతికి పూస్తుంది. దాన్ని ఫిబ్రవరిలో కుండీతో సహా అంటగట్టడమంటే పెన్షను కాయితం చేతిలో పెట్టి ఉద్యోగంలో చేరమన్నట్టు. ఇక ఫోన్లలో వచ్చే వీడియోల సంగతి. ఈ నెలలో తోటకు ఏం చేయాలో చెప్పే ఆ పెద్దమనిషి ఒంటి మీది స్వెట్టరు చూస్తేనే తెలియడంలేదా, ఆ మాటలు మనతో కాదని?

పంచాంగం ప్రకారం చైత్ర వైశాఖాలు వసంత ఋతువు. కాదనేవాళ్ళు లేరు. చైత్ర శుద్ధ నవమి నాడు భద్రాచలం మిథిలా స్టేడియంలో కూర్చుని సీతారాముల కల్యాణం చూసినవాళ్ళకు ఆ వసంతం ఎలాంటిదో చెమటతో సహా తెలుసు. పానకం ఊరికే పంచరు. వైశాఖానికి ఎండ 45 డిగ్రీలు తాకుతుంది. అంటే ఇక్కడ వసంతమనేది బావిలో నీళ్ళు అడుగంటే కాలం. నారు పెట్టే కాలం కానే కాదు.

చెట్లకు ఈ లెక్క తెలుసు. చలిదేశంలో చెట్టు మేలుకునేది నేల వేడెక్కి నీరు కదిలినప్పుడు. మా అడవిలో నడిచేది దానికి తలకిందులు. నేలలో తడి తగ్గుతోంది గనుక చెట్టు ఆకు దులిపి ఖర్చు తగ్గించుకుంటుంది, ఆ బోడికొమ్మల మీదే పూస్తుంది, వాన మొహం చూడకుండానే చిగురు వేస్తుంది. పాల్వంచ రోడ్డు పక్క మోదుగకు ఎవరు పాదు చేశారు? ఇప్పకు ఎవరు కంపోస్టు పోశారు? రాత్రంతా రాలిన ఇప్పపువ్వును తెల్లారకముందే బుట్టలకెత్తుకోవాలి. ఆలస్యమైతే ఎలుగ్గొడ్లు వాటా తీసుకుపోతాయి.

కత్తిరింపు కావాలంటే అదీ ఉంది ఇక్కడ. ఫిబ్రవరి, మార్చి నెలల్లో తునికి పొదలు కొడతారు. మొదలు నుంచి లేత చిగురు తన్నుకొస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో ఆ ఆకే తెంపి, 50 ఆకులకో కట్ట కట్టి కల్లానికి చేరుస్తారు. ఏ మొక్కను ఎప్పుడు కొట్టాలో, ఎందుకు కొట్టాలో తెలిసినవాళ్ళ పని అది. ఆ కత్తి పట్టినవాళ్ళెవరూ పిందె మీదున్న మామిడి జోలికి పోరు.

చీపుర్లమ్మే కోయ అవ్వ ఒకావిడ మా వీధికి వస్తుంటుంది. సారు నీడవల కట్టిస్తుంటే చూసి, "ఇప్పుడు ఏం పెడుతున్నవ్ సారూ, మండిపోతది" అంది. మరి మీ పెరట్లో ఇప్పుడేం చేస్తారని అడిగాను. గింజలు దాస్తారట. ముదిరి ఎండిన బీర, సొరకాయల నుంచి తీసిన గింజలకు బూడిద పట్టించి సొరబుర్రలో పోసి, పొగ తగిలేలా పొయ్యి పైన వేలాడదీస్తారట. ఇక పురుగు పట్టదు. కోయల్లో విత్తనాలకంటూ ఒక పండుగే ఉంది, విజ్జి పండుం. మనం పొట్లం చింపి తేదీ చూసుకుంటాం, వాళ్ళు గింజకు పండుగ చేస్తారు.

నిజానికి ఈ ఎండల్లో పెరటికి చేయాల్సిన పని ఒకటుంది. గుంతలు తవ్వి వదిలేయడం. రోహిణిలో రోళ్ళు పగిలే ఎండకు మట్టిలోని పురుగు గుడ్లు, కోశాలు మాడతాయి. మిగిలినవి కొంగలకు, గోరింకలకు. ఆ తర్వాత పైమట్టి, చివికిన పశువుల ఎరువు కలిపి నింపి మృగశిర చినుకు కోసం చూడటమే. ఈ పనికి కిట్టు లేదు. ఫొటోకి బాగుండదు కూడా, ఉత్త గుంత కదా.

మట్టి అంటే గుర్తొచ్చింది. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే జారీ చేస్తారు. ఆ వరద మా పెరళ్ళన్నింటిలో ఒండ్రు వదిలి పోయింది. ఇళ్ళల్లోది ఎత్తిపోయక తప్పదు, నేనూ వారం రోజులు అదే పని చేశాను. పెరట్లోది మాత్రం కలిపి దున్నుకున్నవాళ్ళు తర్వాత వంకాయలు పంచిపెట్టారు. సారు గజం లోతున ఎత్తించి ట్రాక్టర్లతో ఊరవతల పోయించారు. ఇప్పుడు కిలోల లెక్కన సంచుల్లో కొంటున్నది దాని చుట్టాన్నే.

పెటూనియాలు ఉగాది దాకా ఆగలేదు. కొబ్బరిపొట్టు ఇటుక ఒకటి నానబెట్టకుండానే మిగిలింది, దాన్ని తలుపుకు అడ్డం పెట్టుకున్నారు. తొడుగులు మాత్రం వృథా పోలేదు. తేజ మిర్చి తొడిమెలు తీయాలంటే చేతులు రెండు రోజులు భగ్గుమంటాయి. సారు భార్య అవి తొడుక్కుని అయిదు కిలోల పండుమిరప పచ్చడి పెట్టారు. ఆవకాయ లేని ఏడు కదా.

నిన్న సారు మళ్ళీ గోడ దగ్గరికొచ్చారు. మొహం వెలుగుతోంది.

"అమ్మాయి ఇంకో పెట్టె పంపుతానంటోందయ్యా. ఈసారి ఆకురాలు కాలానికి. సెప్టెంబరుకల్లా అందుతుందట."

"ఆకులు రాలడం మాఘంలోనే అయిపోయింది సారూ. మీరు తగలబెట్టించినవి అవే."