జెండా ఏదండీ?

మా అపార్ట్‌మెంట్‌లో ఒక పెద్దాయన ఉన్నారు. ‘రాజీ’ సినిమా మాట ఎత్తితే చాలు, “నవలకి తీరని ద్రోహం చేశారండీ” అంటారు. ఏమిటా ద్రోహం అంటే “చివర్లో జెండా తీసేశారు” అంటారు. ఇంకేం తీసేశారు అంటే కాసేపు ఫ్యాను వంక చూసి, “అది చాలదా?” అంటారు. నవల చదివారా అని మాత్రం నేనెప్పుడూ అడగలేదు. వాకింగ్‌కి కలిసి వెళ్లే మనిషితో అంత శత్రుత్వం దేనికి?

ఆయనొక్కరే అయితే వదిలేద్దును. ఈ ఫిర్యాదుకి మూలపురుషుడు సాక్షాత్తూ నవలాకారుడే. నౌకాదళంలో పనిచేసి వచ్చిన హరీందర్ సిక్కా 2008లో ‘కాలింగ్ సెహ్‌మత్’ ప్రచురించారు. 1971 యుద్ధానికి ముందు పాకిస్తాన్ సైనికాధికారి ఇంటికి కోడలిగా వెళ్లి, అక్కడి రహస్యాలు మన దేశానికి చేరవేసిన సెహ్‌మత్ అనే కశ్మీరీ అమ్మాయి కథ అది. దాన్నే మేఘనా గుల్జార్ 2018 మేలో ‘రాజీ’గా తెరకెక్కించారు. త్రివర్ణ పతాకానికి సెహ్‌మత్ సెల్యూట్ చేసే ఘట్టాన్ని సినిమాలో లేకుండా చేశారని సిక్కా బాహాటంగానే మండిపడ్డారు. రాసినవాడికి కడుపుమంట ఉంటుంది, కాదనను. బిడ్డని అత్తారింటికి పంపి, జడ ఎందుకు కత్తిరించారని అడిగే హక్కు తండ్రికి ఉంది. కానీ ఆ జడని ఒక్కసారైనా చూడని ఇరుగుపొరుగంతా గుండెలు బాదుకోవడమే నాకు అర్థం కాదు.

కాలం కూడా కలిసొచ్చింది లెండి. సినిమా హాళ్లలో జాతీయగీతం వేసి తీరాలని సుప్రీంకోర్టు 2016 నవంబరు 30న ఆదేశించింది. 2018 జనవరి 9న అదే కోర్టు, వేస్తే వేయండి లేకపోతే లేదు అంది. నాలుగు నెలలకి ‘రాజీ’ వచ్చింది. ఆటకి ముందు లేచి నిలబడే అలవాటు అప్పుడే పోయి, ఆ నిలబడే అవకాశం కథలోనైనా ఎక్కడైనా దొరుకుతుందేమోనని వెతుక్కున్నవాళ్లకి అక్కడా దొరకలేదు. పాప్‌కార్న్ డబ్బా చేతిలో పెట్టుకుని కూచునే ఉండాల్సి వచ్చింది.

గూఢచారి బతుకంతా ఎవరి కంటా పడకుండా ఉండటంలోనే ఉంది. అటువంటి మనిషి అందరూ చూస్తుండగా సెల్యూట్ కొట్టలేదే అని అలగడం, కన్నం వేసేవాడు డప్పు కొట్టుకుంటూ వెళ్లలేదని తప్పుపట్టడమే. మనం మధుబాబు ‘షాడో’ చదివి పెరిగినవాళ్లం. గూఢచారి అంటే ఒంటిచేత్తో పదిమందిని మట్టికరిపించాలి. బాత్‌రూమ్‌లో నీళ్లు వదిలి మోర్స్ కోడ్ కొట్టుకునే కోడలుపిల్ల మనకి ఆనదు. కనీసం జెండాతోనైనా సర్దుకుందామంటే అదీ లేదాయె.

సరే, నవల మీద అంత ప్రేమ ఉన్నవాళ్లు బాధపడాల్సినవి నిజంగానే ఉన్నాయి. నవలలో సెహ్‌మత్‌కి ఢిల్లీ కాలేజీలో అభినవ్ అనే ప్రేమికుడున్నాడు. అంటే ఆ పెళ్లికి వెళ్లేటప్పుడు ఆమె వదులుకున్నది చదువునీ, పుట్టిన ఊరినీ మాత్రమే కాదు. సినిమాలో ఆ కుర్రాడు మాయం. భర్త ఇక్బాల్‌గా విక్కీ కౌశల్ ఎంత మెత్తగా, ఎంత మర్యాదగా ఉంటాడంటే, ఇక అభినవ్ అడ్డమే అనుకుని ఉంటారు. ప్రేక్షకుడి జాలి రెండు వైపులా చీలకుండా చూసుకున్నారు. ఈ మార్పు తప్పా ఒప్పా అని ఎంతసేపైనా వాదించుకోవచ్చు. ‘సెక్రటరీ’ సినిమాలో అక్కినేనిని చూసి, యద్దనపూడి నవలలోని మా రాజశేఖరం ఈయన కాదు పొమ్మని అలిగిన పాఠకురాళ్లకి ఆ నవల పేజీపేజీ నోటికొచ్చు. వాళ్ల అలకకి ఒక లెక్క ఉంది. అభినవ్ కోసం ఒక్కరైనా అలిగారా?

మలేర్‌కోట్లా సంగతి ఇంకా అన్యాయం. పంజాబులోని ఆ చిన్న పట్టణం పేరు చెబితే సిక్కులు నేటికీ గౌరవిస్తారు. గురు గోవింద్ సింగ్ చిన్న కొడుకులిద్దరినీ శత్రువులు చంపడానికి సిద్ధమైనప్పుడు, ఇది తగదని గొంతెత్తినవాడు అక్కడి ముస్లిం నవాబు. 1947లో చుట్టూ పంజాబు తగలబడుతుంటే ఆ ఊరు మాత్రం చల్లగా ఉంది. కశ్మీరీ ముస్లిం తండ్రికీ హిందూ తల్లికీ పుట్టి, శత్రువుల ఇంట్లో కాపురం చేసి, ఆ ఇంటివాళ్ల ప్రాణాలు తీసిన పాపభారంతో తిరిగొచ్చిన సెహ్‌మత్‌ని నవలాకారుడు తీసుకెళ్లి ఆ ఊళ్లో కూచోబెట్టాడు. నన్నడిగితే పుస్తకం మొత్తంలో మంచి ఆలోచన ఇదే. సినిమాలో ఆ ఊరు లేదు. ఒక ఖాళీ గది, ఒక ఒంటరి మనిషి, అంతే. జెండా పోయిందని గగ్గోలు పెట్టినవాళ్లలో ఊరు పోయిందని గమనించినవాళ్లు నాకింతవరకు తగల్లేదు.

జెండాకి బదులుగా సినిమా ఏమిచ్చిందో అది ఇంకా ఎవరి చెవికీ ఎక్కినట్టు లేదు. గుల్జార్ రాసిన ‘ఏ వతన్’ పాట. దాన్ని పాకిస్తాన్ బడిపిల్లలు తమ దేశాన్ని తలుచుకుని పాడతారు. వాళ్లకి నేర్పిన సెహ్‌మత్ తన దేశాన్ని తలుచుకుని గొంతు కలుపుతుంది. పాటలో ఏ దేశం పేరూ ఉండదు. పైగా అందులో అల్లామా ఇక్బాల్ రాసిన పిల్లల ప్రార్థనని కూడా కలిపారు. ఇప్పుడా పాట మన బడుల్లో ఆగస్టు పదిహేనుకి మైకులో మోగుతోంది. పిల్లలు చేతుల్లో కాగితపు జెండాలు పట్టుకుని దానికి డాన్సు చేస్తున్నారు. మా పెద్దాయన మనవరాలు కూడా చేసింది. ఆయన వీడియో తీసి నాకు పంపారు.

“కాదండీ, ఇది నిజంగా జరిగిన కథ. నిజాన్ని మార్చకూడదు” అని ఇంకో వాదన. ఈ నిజం సంగతి విశాఖవాళ్లని అడగాలి. సెహ్‌మత్ పంపిన సమాచారమంతా విక్రాంత్ నౌక కోసం వచ్చిన ఘాజీ జలాంతర్గామి గురించే కదా. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక అది విశాఖ తీరంలో మునిగింది. ముంచింది ఎవరు? ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ అంటుంది మన నౌకాదళం. లోపలే పేలిందనో, వాళ్ల మందుపాతరే వాళ్లకి తగిలిందనో అంటుంది పాకిస్తాన్. 2017లో మన ‘ఘాజీ’ సినిమా వచ్చి, కాదు కాదు, రానా ఎక్కిన ఎస్-21 జలాంతర్గామి ముంచిందంది. మరుసటేడే ‘రాజీ’ వచ్చి ఆ పుణ్యంలో సెహ్‌మత్‌గా వేసిన ఆలియా భట్‌కి వాటా ఇచ్చింది. ఉన్నది ఒక్క ఘాజీ. టికెట్‌ని బట్టి ముంచినవాళ్లు మారుతుంటారు. ఈ లోగా అసలు విక్రాంత్ ఎంచక్కా అండమాన్ దగ్గర ఉంది. సముద్రంలో తేలుతున్న లైఫ్‌జాకెట్టూ శకలాలూ చూసి నేవీకి కబురు తెచ్చింది మాత్రం చేపలవేటకి వెళ్లిన జాలర్లు. వాళ్లకి నవలా లేదు, సినిమా లేదు.

నిజమే కావాలనేవాళ్లకి ఒక చిన్న పని అప్పజెబుతాను. సినిమాలో సెహ్‌మత్ తన బావగారు మెహబూబ్‌ని చంపేది దేనితో? విషం పూసిన గొడుగు మొనతో. కథాకాలం 1971. గొడుగు హత్యగా లోకమంతా చెప్పుకునే బల్గేరియా రచయిత మార్కోవ్ హత్య లండన్‌లో జరిగింది 1978లో. మన రావల్పిండి కోడలు ఏడేళ్లు ముందే కానిచ్చేసింది. మొన్న వాకింగ్‌లో ఈ మాట పెద్దాయనకి చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, “గొడుగు సరేనండీ, మరి జెండా ఏదీ?” అన్నారు.