నష్టం కనబడని లెక్క

కంపెనీకి లాభం వస్తే ఎవరూ కొత్త మాట కనిపెట్టరు. లాభం అనే అంటారు, పెద్దక్షరాల్లో వేస్తారు, మిఠాయిలు పంచుతారు. పాండిత్యమంతా నష్టం వచ్చినప్పుడే పొంగుకొస్తుంది.

వీవర్క్ సంగతే చూడండి. ఆఫీసు స్థలం అద్దెకు తీసుకుని, సోకులు చేసి, ముక్కలుగా మళ్లీ అద్దెకిచ్చే అమెరికా కంపెనీ. 2017లో దానికి సుమారు 93 కోట్ల డాలర్ల నష్టం. మరుసటేడు అప్పు కోసం మార్కెట్‌కు వెళ్తూ ‘కమ్యూనిటీ అడ్జస్టెడ్ ఎబిట్‌డా’ అనే దివ్యాస్త్రం బయటికి తీసింది. ఎబిట్‌డా పేరిట వడ్డీ, పన్ను, తరుగుదల పక్కన పెట్టడం పాత విద్యే. వీళ్లు ప్రచారం, డిజైను, పాలన ఖర్చుల్ని కూడా పక్కన పెట్టారు. 23 కోట్ల డాలర్ల మిగులు తేలింది! ఈ లెక్కన మా వీధి చివర టిఫిన్ సెంటర్ బాబాయ్ కుబేరుడు: బోర్డు, బల్లలు, గల్లాపెట్టె దగ్గర కూర్చునే బావమరిది జీతం వదిలేస్తే సరి. 2023 నవంబరులో వీవర్క్ దివాలా పిటిషన్ వేసింది. అప్పులిచ్చినవాళ్లు ఆ కమ్యూనిటీలో చేరినట్టు లేదు.

ఉద్యోగాలు తీసేటప్పుడు ఇంకా ముచ్చట. 2014 జులైలో మైక్రోసాఫ్ట్ 18,000 దాకా ఉద్యోగాల కోత ప్రకటించింది. మన హైదరాబాదీ సత్య నాదెళ్ల ఆ అంకె తొందరగానే చెప్పేశారు, ఒప్పుకోవాలి. నోకియా నుంచి వచ్చిన స్టీఫెన్ ఈలప్ మాత్రం అదే రోజు ‘హలో దేర్’ అంటూ ఉత్తరం మొదలెట్టి, ఫోన్ల వ్యూహమంతా బోధించి, పేరాలకు పేరాలు దాటాక 12,500 మంది సంగతి ఎత్తారు. ఉద్యోగం పోయిందని తెలియాలన్నా ముందు పాఠం పూర్తిచేయాలి.

మాదాపూర్‌లో అంత ఓపిక ఎవరికీ లేదు. పనితీరు మెరుగుపరుచుకోమని గడువిచ్చే ప్రణాళికకు పొట్టిపేరు పిప్; ‘పిప్‌లో పెట్టారు’ అంటే చాలు, అవతలివాడు పరామర్శ మొదలెడతాడు.

అసలు సూటిగా రాయడం మనవాళ్లకు రాదా అంటే, వచ్చు. 2008లో కార్పొరేట్ పాలనకు గోల్డెన్ పీకాక్ అవార్డు అందుకున్న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు, 2009 జనవరి 7న ఒక లేఖ రాశారు. పుస్తకాల్లో చూపించిన నగదులో 5,040 కోట్లు లేనే లేవన్నారు. పులినెక్కాను, దిగితే తినేస్తుందనే భయమన్నారు. మర్నాడు పేపర్లో చదివి ఆటోడ్రైవర్లు కూడా అర్థం చేసుకున్నారు. అంతకుముందేటి వార్షిక నివేదిక ఆడిటర్లకే అర్థమైనట్టు లేదు.