పానా పద్యం: టీకా తాత్పర్య సహితం

తే.గీ.
రింగు పానాకు నట్లన్ని లొంగి వచ్చు
జారు పానాన మూలలు జారిపోవు
మడత పెట్టిన షూలవి మాట వినును
సుత్తి నావలఁ బెట్టుము సోదరుండ

అవతారిక: స్ప్లెండర్ బైకు వెనక చక్రం విప్పి బ్రేకు షూలు తానే మార్చుకుంటానని ఆదివారం పూట పంతం పట్టిన గృహస్థును ఉద్దేశించి కవి పలుకుచున్నాడు. పెడల్ నొక్కితే బ్రేకు ఆర్మ్ దగ్గరి బాణం ప్లేటు మీది గుర్తుకు ఎదురుగా వచ్చేసిందట. అంటే షూలు అరిగిపోయినట్టే, కాబట్టి పంతం అకారణం కాదు.

ప్రతిపదార్థం: రింగు పానాకు = నట్టును చుట్టూ పట్టుకొను పానాకు; నట్లన్ని = ఇరుసు నట్టు, టార్క్ ఆర్మ్ నట్టు మొదలగునవి; లొంగి వచ్చు = అరగక వదులగును; జారు పానాన = దవడ ముందుకు వెనుకకు జరిగెడు స్క్రూ పానాతో; మూలలు జారిపోవు = షట్కోణము వృత్తమగును; షూలవి = బ్రేకు షూలు (పాదరక్షలని కొందరన్నారు, అది అపవ్యాఖ్య); మాట వినును = చేతికి వచ్చును; ఆవలన్ = అటక మీద; సోదరుండ = ఇల్లాలి ఎదుట “మెకానిక్కెందుకు?” అన్నవాడా!

తాత్పర్యం: డబుల్ ఎండ్ పానా నట్టుకు రెండు పక్కలే పట్టుకుంటుంది. రింగు పానా చుట్టూ పడుతుంది గనుక బలం అన్ని మూలలకూ సర్దుకుంటుంది. సాకెట్ కొనేవారు లోపల పన్నెండు మూలలున్నది వదిలి ఆరు మూలలున్నదే అడగాలి. దుకాణంలో రెండూ ఒకేలా మెరుస్తాయి, తుప్పు నట్టు దగ్గరే తేడా బయటపడుతుంది. కొలత బండిని బట్టి మారుతుంది. “ఇంచుమించు సరిపోతుంది” అనిపించిన పానా సరిపోనట్టే. బ్రేకు రాడ్డు చివరి అడ్జస్టింగ్ నట్టును చాలాసార్లు వేళ్లతోనే తిప్పవచ్చు. టార్క్ ఆర్మ్‌కు స్ప్లిట్ పిన్ను ఉంటే నోస్ ప్లేయర్‌తో కాళ్లు నిటారు చేసి లాగాలి, బిగించేటప్పుడు కొత్తది వెయ్యాలి.

విశేషం: పద్యానికి ప్రాణం మూడో పాదం. స్ప్లెండర్ డ్రమ్ము 130 మి.మీ. చిన్నదే, స్ప్రింగులు మాత్రం మొండివి. స్క్రూ డ్రైవరు దూర్చి కొక్కెం పీకబోయేవాడి కంటికి ప్రమాదం. రెండు షూలనూ బయటి అంచుల దగ్గర పట్టుకుని, తెరిచిన పుస్తకం సగం మూసినట్టు పైకి మడిస్తే స్ప్రింగులు బిగువు వదిలి, జతంతా ఒక్కసారే ఊడి వస్తుంది. ఎక్కించడమూ అంతే. అంటే అసలు ఘట్టంలో పనిముట్టే లేదు! పానాల సెట్టుకు డబ్బు పోసినవారికి ఈ మాట రుచించదు. లోపలి దుమ్మును నోటితో ఊదరాదు, పాత షూలలో ఆస్బెస్టాస్ ఉండేది. తడిగుడ్డతో తుడవాలి.

పాఠాంతరం: “సుత్తి నీవలఁ బెట్టుము” అని మరొక పాఠం. యతి చెడలేదు, అర్థమే తలకిందులైంది. తుప్పుతో బిగిసిన ఇరుసును ప్లాస్టిక్ సుత్తితో తట్టవలసి వచ్చిన వ్యాఖ్యాత ఎవరో దిద్ది ఉంటాడు. ఇనప సుత్తితో మర మీద కొడితే నట్టు మళ్లీ ఎక్కదు గనుక మొదటి పాఠమే గ్రాహ్యం.

శంక: డిస్కు బ్రేకు గలవాని గతి ఏమి?

సమాధానం: అతనికి వేరే పద్యం కావాలి. ప్రస్తుతానికి ఇంత చాలు: ప్యాడ్లు మార్చడానికి గొట్టం విప్పనక్కరలేదు, కాలిపర్ ఊడి ఉండగా లివర్ నొక్కరాదు, బ్రేకు ఆయిల్ చుక్క పడితే పెయింటు లేచిపోతుంది.

ఫలశ్రుతి: ఇది చదివినంత మాత్రాన బ్రేకు పడదు. బిగించాక పెడల్‌కు 20 నుంచి 30 మి.మీ. ఆట ఉండేలా సరిచేసి, ఖాళీ వీధిలో నడక వేగంతో నాలుగైదుసార్లు తొక్కి చూసి, ఆ తర్వాతే మెయిన్ రోడ్డెక్కండి.