మొహం మీది ఇంగ్లీషు

మా వేంసూరు వైపు రైతు మొహం చదవడం వాళ్ళ ఇంటావిడకే పూర్తిగా రాదు. అలాంటిది, బీహారు నుంచి బదిలీ మీద వచ్చిన ఓ కుర్ర బ్యాంకు మేనేజరు ఆ చదువు మొదలుపెట్టాడు, నన్ను పంతులుగా పెట్టుకుని. ఆయనకి తెలుగు రాదు. నా హిందీ దూరదర్శన్ రామాయణం దగ్గరే ఆగిపోయింది. ఇక ఇద్దరికీ ఇంగ్లీషే దిక్కు. నేను రిటైరైన ఇంగ్లీషు మాస్టర్ని కాబట్టి ఆయన బల్ల పక్కన నాకో కుర్చీ, పదకొండింటికి ఓ టీ.

పంటరుణం రెన్యువల్‌కి వచ్చిన రైతు ఎదురుగా కూర్చోగానే మేనేజరు నా చెవిలో, "మాస్టర్‌జీ, హి ఈజ్ లుకింగ్ లైక్ యాంగ్రీ?" అంటాడు.

పాపం, తప్పు ఆయనది కాదు. హిందీవాళ్ళకి అన్నిటికీ ఒకటే 'లగ్తా హై'. కళ్ళతో చూసినా, ఫోన్లో విన్నా, ఊరికే అనుమానమొచ్చినా అదే. మనం మాత్రం తక్కువా? 'ఉన్నట్టుంది' అని చేతులు దులుపుకుంటాం. ఇంగ్లీషువాడు అలా వదలడు, నీకెలా తెలిసిందని సాక్ష్యం అడుగుతాడు. మొహం చూసి చెబితే లుక్స్, గొంతు విని చెబితే సౌండ్స్, అవీ ఇవీ కలిపి లెక్కగడితే సీమ్స్. వాటి వెనక యాంగ్రీ, శాడ్, టయర్డ్ అని తిన్నగా పెట్టెయ్యాలి. మా బడిపిల్లలు 'కోపంగా'లోని 'గా' పోతుందేమోనని భయపడి యాంగ్రీలీ అని తోక తగిలించేవాళ్ళు, అదీ కుదరదు. లైక్ పెట్టామా, దాని వెనక ఓ మనిషో, వస్తువో, నిండు వాక్యమో రావాలి. "హి లుక్స్ లైక్ యాంగ్రీ" చెల్లదు. "హి లుక్స్ లైక్ ఎ మ్యాన్ హూ సోల్డ్ హిజ్ మిర్చి టూ ఎర్లీ" అన్నామంటే వ్యాకరణానికీ సరిపోతుంది, ఖమ్మం జిల్లాకీ సరిపోతుంది.

ఇంత చెప్పాక కూడా ఆయన పైఆఫీసుకి "ద ఫార్మర్స్ లుక్ బోరింగ్" అని రాసి పంపాడు. రైతులు విసుగెత్తి ఉన్నారంటే బోర్డ్ అనాలి. బోరింగ్ అంటే వాళ్ళని చూసి మనకి విసుగు పుట్టడం. మా ఊళ్ళో బోరింగంటే చేతిపంపు గనక, ఈ సంగతి బయట వరండాలో చెబితే ఓ పెద్దాయన, "అంతే కదండీ మాస్టారూ, ఎంత కొట్టినా మా దగ్గర ఏం రావట్లేదని రాసుంటారు" అన్నాడు.

అసలు చిక్కు మాటలతో కాదు, మొహాలతోనే. 1960ల చివర్లో పాల్ ఎక్‌మన్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త పపువా న్యూగినీ కొండల్లో ఉండే ఫోరే జనం దగ్గరికి మొహాల ఫోటోలు పట్టుకెళ్ళాడు. ఓ చిన్న కథ చెప్పడం, ఆ కథకి తగ్గ మొహం ఏదో చూపించమనడం. సంతోషం, దుఃఖం, కోపం, ఏవగింపు బాగానే గుర్తుపట్టారు గానీ భయానికీ ఆశ్చర్యానికీ తేడా దగ్గర తడబడ్డారు. అదే ఎక్‌మన్ మా పామాయిల్ తోటలకి వచ్చుంటే కెమెరా రీలు ఖర్చు బాగా కలిసొచ్చేది, ఒక్క ఫోటో అన్నిటికీ సరిపోతుంది. 2024 సెప్టెంబరులో కేంద్రం ముడి పామాయిల్ దిగుమతి మీద మౌలిక సుంకాన్ని సున్నా నుంచి 20 శాతానికి పెంచింది. గెలలకి ధర వస్తుందని వేంసూరంతా సంబరపడింది. 2025 మే ఆఖర్న కేంద్రమే ఆ సుంకాన్ని 10కి దించింది. మా ఎదురింటాయనకి తోట ఉంది. రెండుసార్లూ ఆయన మొహం నేను చూశాను. అదే తలగుడ్డ, అదే మీసం, "ఏముందిలే మాస్టారూ" అని అదే మాట. దీన్ని లుక్స్‌లో వెయ్యాలా, సీమ్స్‌లో వెయ్యాలా?

అయితే మేనేజరు మొహం చదవడానికి ఆ రైతులకి ఏ భాషా అక్కర్లేదు. ఓ ఉదయం ఆయన భార్యతో ఫోన్ మాట్లాడి వచ్చి కూర్చున్నాడు. ఆవిడ పట్నాలో ఉంటారు. "షి సౌండ్స్ ఫైన్" అన్నాడు.

"ఫైన్ అని ఒక్కసారే అన్నారా మేనేజర్ గారూ?"

"త్రీ టైమ్స్."

"అయితే పట్నాకి టికెట్ చూసుకోండి."

ఈలోగా వరండాలో కూర్చున్నవాళ్ళు అద్దంలోంచి లోపలికి ఓసారి చూశారు, ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు, పాసు పుస్తకాలు సంచుల్లో పెట్టుకుని లేచారు.

"వై ఆర్ దే గోయింగ్?" అన్నాడు మేనేజరు.

"ఈ రోజు మిమ్మల్ని కదిలించకూడదని."

ఆయన కాసేపు ఆలోచించి, శ్రద్ధగల విద్యార్థి కదా, "సో, ఐ లుక్ అప్‌సెట్? ఆర్ ఐ సీమ్ అప్‌సెట్?" అన్నాడు.

"రెన్యువల్ గడువు రేపటితో ఆఖరు. అయినా వెళ్ళిపోయారంటే ఇక లుక్కూ లేదు, సీమూ లేదు. యు ఆర్" అన్నాను.