కాసుకు అయిదు వేల కేబుళ్ళు

హైడెఫినిషన్ టీవీ కొన్న గృహస్థు జేబుకు అసలు పరీక్ష, దాని వెనక గుచ్చే తీగ కొనబోయినప్పుడు మొదలవుతుంది. బొమ్మనూ శబ్దాన్నీ కలిపి సెట్‌టాప్ బాక్సు నుంచి టీవీకి చేరవేసే హెచ్‌డీఎంఐ కేబుల్, కోఠీ గుజరాతీ గల్లీలో వంద, రెండొందలకు దొరుకుతుంది, అద్దాల షోరూములో వేలకూ దొరుకుతుంది. రెండూ పందొమ్మిది పిన్నులవే, రెండూ ఒకే రంధ్రంలో దూరతాయి. ఏది తీసుకోవాలో తోచక నిలబడ్డ మనిషిని కొట్టువాడు "ఏ వెర్షన్ కావాలి సార్?" అని అడిగి మరింత నలిబిలి చేస్తాడు.

ఆ ప్రశ్నే చెల్లదు. వెర్షన్ అనేది పరికరాలు పాటించే సాంకేతిక ప్రమాణానికి వేసిన అంకె, అది 2002 డిసెంబరులో 1.0గా మొదలై, 2013లో 2.0, 2017లో 2.1 అయింది. కేబుల్ మీద ఆ అంకె వేయరాదని లైసెన్సు నిబంధన ఉంది, పెట్టెలు అచ్చువేసేవాళ్ళెవరూ ఆ నిబంధనను పట్టించుకున్నట్టు లేదు. కేబుల్‌కు ఉండవలసింది మోయగల వేగాన్ని బట్టి వచ్చే తరగతి పేరు: సెకనుకు 10.2 గిగాబిట్ల దాకా మోసేది హైస్పీడ్, 18 దాకా మోసేది ప్రీమియం హైస్పీడ్, 48 దాకా మోసేది అల్ట్రా హైస్పీడ్. అట్టపెట్టె మీద మాత్రం అంకెలూ బిరుదులూ కలగాపులగంగా ఉండి, ఏది దేనికి పెద్దన్నో తేల్చుకోవడానికి కొనేవాడికి ఒక పూట పడుతుంది.

పాతకాలపు పసుపు, ఎరుపు, తెలుపు తీగల్లో సంకేతం నీరసిస్తే బొమ్మ కూడా కాస్త మసకబారేది. హెచ్‌డీఎంఐలో నడిచేవి సున్నాలూ ఒకట్లూ కాబట్టి, అవి సరిగా చేరినంతకాలం బొమ్మ ఉన్నదున్నట్టే ఉంటుంది, చేరకపోతే తెర మీద తెల్లటి చుక్కలు మెరుస్తాయి, లేదా తెర నల్లబడి మళ్ళీ వెలుగుతుంది. ఖరీదైన తీగ పెట్టినంత మాత్రాన కథానాయిక పట్టుచీర ఎరుపు ఇంకో పిసరు నిండుగా కనబడే అవకాశం లేదు.

అయినా ఆ తీగ అమ్ముడవుతోందంటే, దానికి కారణం పెట్టె మీద అన్నిటికన్నా పెద్ద అక్షరాలతో ఉండే మాట: 24 క్యారెట్ల బంగారు పూత. బంగారం తుప్పు పట్టదు కనుక, మాటిమాటికీ పీకి గుచ్చే చోటా, విశాఖ వంటి ఉప్పుగాలి ఊళ్ళలోనూ పిన్నులు చెడకుండా ఆ పూత కాపాడుతుంది. విద్యుత్తును పారించడంలో మాత్రం వెండీ, రాగీ దాన్ని మించినవే. కానీ తెలుగింట్లో బంగారం మాట వచ్చాక తూకం వేయకుండా వదలడం మర్యాద కాదు. పూత మందం మైక్రానులో, అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతులో, పదోవంతనీ, రెండు కొసలకూ కలిపి ఎనిమిది చదరపు సెంటీమీటర్ల మేర పూశారనీ అనుకుంటే, ఘన సెంటీమీటరుకు 19.3 గ్రాముల సాంద్రత చొప్పున ఒక్కో కేబుల్‌లో ఉండే పసిడి ఒకటిన్నర మిల్లీగ్రాములు. ఎనిమిది గ్రాముల కాసు కూడాలంటే అయిదు వేల పైచిలుకు కేబుళ్ళు కావాలి, నాలుగు కాసుల నానుతాడుకైతే ఇరవై వేలు దాటతాయి, అదీ కంసాలి తరుగు తీయకపోతే. హాల్‌మార్కు 916 నగలో మేలిమి 91.6 శాతమే కనుక, పెట్టె మీది మాట నమ్మితే, పెళ్ళికూతురి గొలుసు కన్నా సెట్‌టాప్ బాక్సు తీగదే స్వచ్ఛత ఎక్కువని తేలుతుంది. ఇంతటి మేలిమికి అక్షయ తృతీయ నాడు ఎవరూ బారులు తీరరు, తాకట్టు కొట్టువాడు దాన్ని గీటురాయి మీద పెట్టడు, వియ్యపురాలికి చూపించుకుందామంటే అది టీవీ వెనక, గోడవైపు, బల్లులకు మాత్రమే కనబడే చోట ఉంటుంది.

డబ్బు పెట్టవలసిన చోటు వేరు. రెండు మీటర్ల లోపు దూరానికి, ధ్రువీకరణ చీటీ ఉన్న మామూలు కేబుల్ సరిపోతుంది. దూరం పెరిగేకొద్దీ రాగిలో సంకేతం తగ్గిపోతుంది కనుక, హాలు ఈ చివరి నుంచి ఆ చివరకు 4కె బొమ్మను, అంటే అడ్డంగా 3840, నిలువుగా 2160 చుక్కలున్న బొమ్మను, సెకనుకు అరవై చొప్పున పంపాలంటే, సంకేతాన్ని కాంతిగా మార్చి మోసే ఆప్టికల్ కేబుల్ వాడతారు. అది ఒక దిక్కుకే పనిచేస్తుంది. ఒక కొస మీద సోర్స్ అని, అంటే బొమ్మ బయలుదేరే పరికరం వైపు అని, రెండో కొస మీద డిస్‌ప్లే అని, అంటే టీవీ వైపు అని, చిన్న అక్షరాలతో రాసి ఉంటుంది. ఎలక్ట్రీషియన్ అది చదవకుండా గోడలోని పైపులో తిరగేసి లాగితే, ఆ సంగతి లప్పం, రెండు పూతల రంగూ అయిపోయాక, గృహప్రవేశానికి బంధువులు దిగాక బయటపడుతుంది.

ఇన్ని గిగాబిట్ల తీగ గుండా చాలా ఇళ్ళలో వచ్చేవి వార్తలూ, సీరియళ్ళూ. వాటిని చూసే పెద్దాయన వేలు పొరపాటున రిమోట్‌లో సోర్స్ బటన్ మీద పడితే తెర మీద "నో సిగ్నల్" అని నిలుస్తుంది. ఉద్యోగకాలమంతా ఒక ఆఫీసును నడిపిన మనిషి, పక్కింటి కుర్రాణ్ణి పిలవడానికి మొహమాటపడి, డల్లాస్‌లో కొడుక్కి తెల్లారేదాకా ఆ నీలం తెర ముందే కూర్చుంటాడు. కిందటి సెలవులకు ఖరీదైన కేబుల్ తెచ్చి బిగించి వెళ్ళింది ఆ కొడుకే. ఫోన్లో "ఏమీ లేదురా, ఊరికే చేశాను" అని మొదలుపెట్టి, చివర్లో టీవీ సంగతి చెబుతాడు.

దీనికి విరుగుడు ప్రమాణంలోనే ఉంది. పదమూడో పిన్నును సీఈసీ అనే ఏర్పాటుకు కేటాయించారు. బాక్సు మేలుకోగానే టీవీ తనంతట తానే ఆ దారికి మారడానికీ, ఒకే రిమోట్ అన్నిటినీ నడపడానికీ ఉద్దేశించినది అది. సామ్‌సంగ్ దానికి ఎనీనెట్ ప్లస్ అని, ఎల్జీ సింప్‌లింక్ అని, సోనీ బ్రావియా సింక్ అని పేర్లు పెట్టుకుని సెట్టింగ్స్ లోపలి అరల్లో దాచాయి. పరికరంలో దాన్ని పెట్టి తీరాలన్న నిర్బంధమూ లేదు. కేబుల్‌కు మాత్రం ఆ తీగ తప్పనిసరి, గుజరాతీ గల్లీ రకానికైనా సరే.